బెజవాడ మీద చుట్టాల తీర్పులు

మా ఇల్లు రైల్వే స్టేషనుకు దగ్గర. అందువల్ల విజయవాడ మీద లోకాభిప్రాయం ఏమిటో మాకు కాఫీతోపాటే తెలిసిపోతూ ఉంటుంది. చెన్నై బండీ, ఢిల్లీ బండీ, విశాఖ బండీ ఇక్కడ ఆగాల్సిందే. ఆగిన బండి మాకొక చుట్టాన్ని దింపుతుంది. చుట్టం రెండు గంటలు కూర్చుని, మజ్జిగ తాగి, నగరం మీద తీర్పు చెప్పి వెళ్తాడు. ఆ తీర్పుకు అప్పీలు లేదు.

హైదరాబాదు మేనమామ మే నెలలోనే వస్తాడు, పెళ్లిళ్లు అప్పుడే కనుక. "ఇది ఊరు కాదురా, పెనం" అనేది ఆయన తీర్పు. మేము నొచ్చుకోము. 'బ్లేజ్‌వాడ' అనే బిరుదు ఊరికే వస్తుందా? మా బాధల్లా మర్నాటి పత్రికలో రెంటచింతల మనకంటే ఒక డిగ్రీ ముందుందని చదివినప్పుడే.

విశాఖ వదిన కేసు జటిలమైనది. ఆవిడకు ఏ ఊరు చూపించినా "సముద్రం లేదుగా" అంటుంది. పట్టుదలకు పోయి ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజి మీదికి తీసుకెళ్లాను. 1957 నాటిదనీ, కిలోమీటరు పైచిలుకు పొడవనీ, ఇక్కడి నీళ్లతోనే డెల్టా అంతా అన్నం తింటోందనీ వివరించాను. పక్కన కొండ మీద అమ్మవారి గుడి దీపాలు, నది మీదుగా చల్లటి గాలి. వదిన చాలాసేపు చూసి, జాలిగా, "అవతలి ఒడ్డు కనిపిస్తోందే" అంది. నదికి రెండో ఒడ్డు ఉండటం లోపమని నాకు అంతవరకు తెలియదు.

గుంటూరు బావ సంగతి ఒక్క ముక్కలో తేల్చవచ్చు: మా కూరల్లో కారం లేదు.

అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు మాత్రం మా కాలువలు చూసి వెనిస్‌తో పోల్చాడు. ఆ రోజు గాలి అటువైపు వీస్తోంది. ఫోనులో పటం పెట్టుకుని ఆటో ఎక్కి, కార్ల్ మార్క్స్ రోడ్డుకు పోనివ్వమన్నాడట. "కొత్తగా వేశారా బాబూ?" అని అడిగాడట ఆటో అతను. ఏలూరు రోడ్డని ఎవరు చెప్పాలి! మహాత్మాగాంధీ పేరు పెట్టిన బందరు రోడ్డులో బంగారం కొంటాం, మార్క్స్ పేరిట ఉన్న రోడ్డులో పెట్టుబడి పెడతాం, అనిబిసెంట్ పేరు మోస్తున్న బీసెంట్ రోడ్డులో చెప్పిన ధరకు సగం అడిగి దివ్యజ్ఞానం పొందుతాం. ఏ మహానుభావుడి మీదా మాకు పక్షపాతం లేదు.

ఇంతకీ బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు ఈ ఊరిని మేము తిట్టే తిట్లలో పదో వంతు కూడా చుట్టాలకు చేతకాదు. అయినా ఆ హక్కు ఇంటిపన్ను కట్టేవాడిదని నా అభిప్రాయం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ఊళ్లోని సింగ్‌నగర్‌ను ముంచింది. అదే సమయంలో బ్యారేజి దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వారం తీర్పు చెప్పడానికి ఒక్క చుట్టమూ దిగలేదు. విశాఖ నుంచి వదిన ఫోను చేసింది.

"సముద్రం వచ్చింది వదినా, చూద్దురుగాని రండి" అన్నాను.

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత మెల్లగా, "పాలు దొరుకుతున్నాయా?" అని అడిగింది.