ట్రెడ్‌మిల్లు అసలు ధర

1,800 డాలర్లు పెట్టి కొన్న సోఫాను కొన్నేళ్లు వాడుకుని 550 డాలర్లకు అమ్ముకున్న మనిషిని ఎవరి లెక్కలో చూసినా నష్టపోయినవాడనే అంటారు. అమెరికాలో ఆన్‌లైన్‌లో ఒక హద్దు దాటి సరుకు అమ్మినవారికి ఆ వెబ్‌సైటు నుంచి జనవరి నెలాఖరులోగా వచ్చే 1099-కె అనే ఫారం మాత్రం ఆయనకు 550 డాలర్లు ముట్టాయని చెప్పి ఊరుకుంటుంది. అది అబద్ధమేమీ కాదు. ఆ వస్తువును ఎంతకు కొన్నారో ఆ ఫారానికి తెలియదు, అడగడానికి అందులో గడి కూడా లేదు. ఫారం నకలు ఒకటి పన్నుల శాఖ అయిన ఐ.ఆర్.ఎస్.కు కూడా వెళ్తుంది కనుక, కొన్న ధర ఎంతో చెప్పి నష్టాన్ని నిరూపించుకునే పూచీ అమ్మినవారి మీదే పడుతుంది. 2025 తొలి నెలల్లో మా అక్కయ్య ఇంట్లో చెలరేగిన దుమారానికంతటికీ ఆ లేని గడే మూలం.

అంతకుముందు ఏడాది మా బావగారికి డాలస్ నుంచి సియాటిల్‌కు ఉద్యోగం మారింది. సామాను లారీలో తరలించడానికి అడిగిన బాడుగ, ఆ సామాను విలువ కంటే ఎక్కువగా ఉండడంతో, ఇల్లు ఖాళీ చేసేలోపు బల్లలూ కుర్చీలూ మొదలుకొని పిల్లవాడి బొమ్మల దాకా ఒక వెబ్‌సైటులో అమ్మకానికి పెట్టారు. బావగారు బేరమాడడంలో దిట్ట. టెక్సాస్‌లోనూ వాషింగ్టన్ రాష్ట్రంలోనూ జీతం మీద రాష్ట్ర పన్ను లేదు కనుక, పన్నుల వ్యవహారంలో తనంతటి అదృష్టవంతుడు లేడన్న ధీమా కూడా ఆయనకు ఉండేది.

ఈ ఫారం ఎవరికి పంపాలన్న విషయంలో ప్రభుత్వం అప్పటికే నాలుగేళ్లుగా తర్జనభర్జన పడుతోంది. పూర్వం ఒక సంవత్సరంలో 20,000 డాలర్లూ, 200 లావాదేవీలూ రెండూ దాటినవారికే ఇది వచ్చేది. 2021లో చేసిన చట్టం ఆ హద్దును 600 డాలర్లకు దించింది. అంటే, పాత మంచమూ బీరువా అమ్ముకున్న ప్రతి గృహస్థూ వర్తకుడితో సమానంగా ఈ ఫారం అందుకోవలసి వస్తుందన్నమాట. గగ్గోలు పుట్టడంతో 2022కూ, 2023కూ అమలు వాయిదా వేశారు. 2024 సంవత్సరానికి మధ్యేమార్గంగా 5,000 డాలర్లు దాటితే ఫారం పంపాలని నిర్ణయించారు. మా బావగారి అమ్మకాల మొత్తం 5,380 డాలర్లు. ప్రతి కొనుగోలుదారుతోనూ గంటలకొద్దీ వాదించి, పదీ ఇరవై డాలర్లు ఎక్కువ రాబట్టడం వల్లనే ఆయన ఆ హద్దు దాటారనీ, కాస్త మొహమాటస్థుడై ఉంటే ఈ బాధ తప్పేదనీ మా అక్కయ్య ఇప్పటికీ అంటూ ఉంటుంది.

ఫారం వచ్చిన రోజున ఆయనకు కలిగిన మొదటి భావం భయం కాదు, కోపం. బ్యాంకులో పడింది అంతకంటే చాలా తక్కువ. అయితే ఈ ఫారంలో వేసేది స్థూలమైన మొత్తం. వెబ్‌సైటు పట్టుకున్న రుసుమూ, పోస్టు ఖర్చూ, తిరిగి ఇచ్చేసిన డబ్బూ అందులోంచి తీసివేయరు. ఒక పుస్తకాల బీరువాను కొన్న పెద్దమనిషి, అది తన ఇంటి గుమ్మంలో పట్టడం లేదని మర్నాడే తెచ్చి ఇచ్చేసి డబ్బు తీసుకుపోయాడు. దాన్నే మళ్లీ ఇంకొకరికి అమ్మారు. ఫారం దృష్టిలో బావగారికి ఆ బీరువా మీద రెండుసార్లు డబ్బు వచ్చింది. అది చాలదన్నట్టు, ఎదురింటి ముసలాయనకు కంప్యూటరు వాడకం తెలియదని ఆయన సైకిలును కూడా బావగారు తన ఖాతాలోంచే అమ్మిపెట్టి, ఆ డబ్బు నగదుగా ఆయన చేతిలో పెట్టి పుణ్యం కట్టుకున్నారు. పుణ్యం ఎక్కడ జమ అయిందో తెలియదు గానీ, సొమ్ము మాత్రం ఫారంలో బావగారి పేర జమ అయింది.

పన్నుల లెక్కలు చూసే సి.పి.ఏ. గారు మాత్రం కంగారు పడలేదు. సొంత వాడకానికి కొన్న వస్తువును కొన్నదానికంటే తక్కువకు అమ్మితే పన్ను లేదనీ, అలా అమ్మిన మొత్తాన్ని షెడ్యూల్ 1 అనే పత్రంలో పైభాగాన ఉన్న గడిలో చూపించి ఊపిరి పీల్చుకోవచ్చనీ చెప్పారు. బిల్లులు రిటర్నుకు జతచేయనక్కరలేదు, అడిగితే చూపగలగాలి. కనుక ఏ వస్తువు ఎంతకు కొన్నారో ఒక పట్టిక రాసి పంపమన్నారు. పాపం, ఆయన చాలా మామూలుగా అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఫోను స్పీకరులో ఉందనీ, మా అక్కయ్య పక్కనే కూర్చుని ఉందనీ ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రం నన్ను పిలిపించారు. నేను మీటలు నొక్కుతూ ఉంటే బావగారు చెబుతున్నారు, అక్కయ్య పాత మెయిళ్లలో బిల్లులు వెతుకుతోంది. సోఫా, భోజనాల బల్ల, టీవీ వరసగా నష్టాలతో శుభప్రదంగా సాగిపోయాయి. ట్రెడ్‌మిల్లు దగ్గరికి వచ్చేసరికి బావగారు కొంచెం దగ్గి, “700 డాలర్లు అని వెయ్యి” అన్నారు. అమ్మింది 400కు. సరిగ్గా అప్పుడే అక్కయ్యకు బిల్లు దొరికింది. అందులో 1,650 అని ఉంది.

అప్పుడు బావగారు చేసిన వాదన వినదగ్గది. 1,650 అని వేస్తే నష్టం పెరుగుతుందే గానీ పన్ను ఒక్క పైసా తగ్గదనీ, సొంత సామాను మీద వచ్చిన నష్టాన్ని చట్టం ఎలాగూ లెక్కలోకి తీసుకోదనీ, అందువల్ల 700 వేసినా ప్రభుత్వానికి ఎలాంటి అన్యాయమూ జరగదనీ ఆయన చాలా శాంతంగా వివరించారు. చట్టరీత్యా అది అక్షరాలా నిజం. “ప్రభుత్వం సంగతి తరవాత చూద్దాం, కొన్న రోజున నాకు ఎంతని చెప్పారు?” అంది అక్కయ్య. ఆ యంత్రం మీద బట్టలు ఆరవేయడం తప్ప ఎవరూ నడిచిన దాఖలా లేదు కనుక, బావగారి పక్షాన సాక్ష్యం చెప్పడానికి నాకు కూడా ఆధారం దొరకలేదు.

తరువాతి గండం పింగాణీ భోజన పాత్రల సెట్టు. అది గృహప్రవేశానికి మా పిన్ని ఇచ్చిన కానుక. కానుకగా వచ్చిన వస్తువును అమ్మితే, లాభమో నష్టమో తేల్చడానికి ఇచ్చినవారు దాన్ని ఎంతకు కొన్నారో తెలియాలి. ఈ నియమాన్ని రాసినవారికి పిన్నులు ఉండి ఉండరు. 120 డాలర్లకు అమ్మిన సెట్టును వదిలేద్దామని నేను అన్నాను గానీ, ట్రెడ్‌మిల్లు దెబ్బ తరవాత బావగారికి నిజాయితీ పూనింది. స్వయంగా ఫోను చేశారు.

“అత్తయ్యగారూ, మీరు ఆ రోజు ఇచ్చిన పాత్రల సెట్టు ఎంత పడిందో కాస్త చెబుతారా?”

“అయ్యో, ధర ఎందుకు బాబూ? ఏమైనా పగిలిందా? అలాంటిదే ఇంకోటి పంపించమంటారా?”

“అబ్బే, పగల్లేదండీ. అసలు పెట్టె విప్పితే కదా. అలాగే అమ్మేశాం. ఇప్పుడు గవర్నమెంటు వాళ్లకు లెక్క చెప్పాలి.”

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. తరవాత పిన్ని 160 డాలర్లు అని చెప్పి, ఆ వెబ్‌సైటు పేరేమిటో కూడా అడిగి రాసుకుంది. బావగారు ఇచ్చిన వెండి గిన్నెల సంగతి ఆవిడ ఏం చేయబోతుందోనని అక్కయ్య ఆందోళన.

ఇంత సామానులో లాభం తెచ్చిన వస్తువు ఒకే ఒక్కటి. అది పిల్లవాడి ప్లాస్టిక్ ఇటుకల కోట. 90 డాలర్లకు కొన్నాం, ఆ కంపెనీ తరవాత ఆ రకం చేయడం మానేసింది. ముక్కలన్నీ ఉన్నాయి కనుక 240 పలికింది. ఖర్చులు పోను మిగిలిన 120 డాలర్లు మూలధన లాభం. దానికి ఫారం 8949, షెడ్యూల్ డి అనే మరో రెండు పత్రాలు. సోఫాలో పోయిన 1,250 డాలర్లలోంచి ఈ 120 తీసేయకూడదా అని బావగారు సి.పి.ఏ. గారిని బతిమాలారు. కుదరదు. సొంత సామాను మీద లాభం వస్తే అందులో ప్రభుత్వానికి వాటా ఉంది, నష్టం వస్తే అది పూర్తిగా మనదే. పక్కగదిలోంచి ఇదంతా విన్న పిల్లవాడు వచ్చి, కోట తనది కదా, మరి లాభం తనకు ఎప్పుడు ఇస్తారని అడిగాడు. వాడికి పన్ను పోను ఇస్తానని బావగారు, పన్ను కట్టవలసింది ఖాతా ఉన్నవారు కదా అని వాడు. వాడు లాయరు అవుతాడని నాకు నమ్మకం.

ఏప్రిల్‌లో రిటర్ను దాఖలైంది. జూలై 4న కొత్త చట్టం వచ్చి, 600 హద్దును రద్దు చేసి, పాత 20,000 డాలర్లు, 200 లావాదేవీల నియమాన్నే మళ్లీ నిలబెట్టింది. ఆ వార్త బావగారు పళ్లు కొరుకుతూ చదివారు. ఫారం రావడం మానేసినంత మాత్రాన లాభం మీద పన్ను మానదనీ, కొన్న ధరల కాగితాలు ఉంచుకోక తప్పదనీ సి.పి.ఏ. గారు ఒక మెయిలు పంపారు. ఆ మెయిలును అక్కయ్య అచ్చు తీయించి ఫ్రిజ్ మీద అంటించింది.

మొన్న బావగారు వ్యాయామానికని ఒక సైకిలు కొన్నారు. దుకాణంలో అమ్మాయి బిల్లు ఏ మెయిలుకు పంపమంటారని అడిగింది. ఆయన నోరు తెరిచేలోపు అక్కయ్య తన మెయిలు చిరునామా ఒక్కొక్క అక్షరమే విడదీసి చెప్పింది.