మూడడుగుల కింద నీళ్లున్నాయట!

"విజయానికి ఏడు మెట్లు" అనే మెసేజ్ ఈ నెలలో నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తప్పింది. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత మా మేనమామ గుడ్ మార్నింగ్ పువ్వులతో కలిపి పంపాడు. నిన్న మా బామ్మర్ది పంపి, కింద "బావా, నీకే పనికొస్తది, జర చదువు" అని రాశాడు. నేను చూసుకుంటున్న వాటర్ ట్యాంకు పని ఎనిమిది నెలలు ఆగిన సంగతి వాడికి తెలుసు. సరే, చదివాను. ఇక అందరూ వినండి.

మొదటి మెట్టు గద్ద. నలభై ఏళ్లు రాగానే గద్ద కొండెక్కి, ముక్కును రాతికేసి ఊడగొట్టుకుని, గోళ్లు పీక్కుని, అయిదు నెలలు అట్లాగే కూర్చుని, కొత్త ముక్కుతో ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుందట. ముక్కు లేకుండా అయిదు నెలలు ఏం తింటుంది? ఇంట్లో నాలుగు కోళ్లున్న ఏ అవ్వనడిగినా చెబుతుంది.

రెండోది, 1953లో యేల్ యూనివర్సిటీలో లక్ష్యాలు కాగితం మీద రాసుకున్న 3 శాతం మంది తర్వాత మిగతా 97 శాతం కన్నా ఎక్కువ సంపాదించారన్న సర్వే. అలాంటి సర్వే అసలు జరగనే లేదని ఆ యూనివర్సిటీయే చెప్పింది. కొన్ని ఫార్వర్డుల్లో యేల్ తీసేసి హార్వర్డ్ పెడతారు. రేపు ఉస్మానియా పెట్టినా ఆశ్చర్యపోను.

మూడోది: "మొదలుపెట్టినవాడు సగం గెలిచినట్టే." ఈ మాట నల్గొండలో అనాలంటే ధైర్యం కావాలి. మా జిల్లా పేరు మీద నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతే ఉంది, నల్గొండ టెక్నిక్ అని. 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం వేసి, కలియతిప్పి, తేటపడ్డాక వడగట్టి తాగడమే. ఖర్చు తక్కువ, ఇంట్లో బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది. కానీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారం ఎంతుందో చూసి పటిక పాళ్లు మార్చుకోవాలి. అడుగున పేరుకున్న మడ్డిని తీసుకుపోయి ఎక్కడో ఒకచోట పారబోయాలి. ఇవాళే కాదు, రేపూ, ఎల్లుండీ, పండగ రోజూ చేయాలి. ఎల్లుండి ఎవరు చేయాలో ఎవరూ అనుకోలేదు. మొదలుపెట్టడం మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. నా ట్యాంకు సంగతీ అదే. ప్లాస్టరింగ్ అయింది, రంగు కూడా వేశాం, దూరం నుంచి పెళ్లికొడుకులా ఉంది. కానీ ఎనిమిది నెలలు మోటారుకు త్రీఫేజ్ లైను లేదు. స్తంభాలు పడాల్సిన చెలకలో అన్నదమ్ముల పంచాయితీ తెగలేదు.

నాలుగోది, బీహార్‌లో కొండ తొలిచి దారి చేసిన దశరథ్ మాంఝీ ఫొటోతో వచ్చింది: "కష్టపడేవాడిని కొండ కూడా ఆపలేదు. ప్రాజెక్టులు ఆగిపోయేది పట్టుదల లేకనే." మాంఝీకి నేనూ దండం పెడతాను. కానీ 1960 నుంచి 1982 దాకా ఒక్క మనిషి సుత్తితో కొండ కొట్టాడంటే, ఆ ఊరికి దారి వేయాల్సినవాళ్లు ఆ ఇరవై రెండేళ్లు ఏం చేస్తున్నారని అడగాలనిపించదా? కష్టంతోనే పనులయ్యేటట్టయితే పాలమూరు అందరికన్నా ముందు పచ్చబడాలి. దేశంలో పెద్ద డ్యాములు, కాలువలు కట్టిన చోట్లకు తట్ట, పార పట్టుకుని పోయింది పాలమూరు లేబరే. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగితే 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. అంత పెద్ద రాతి కట్టడం పన్నెండేళ్లలో అంత దూరం వచ్చింది. దానితో పోలిస్తే చిన్నదైన జూరాలకు 1981లో శంకుస్థాపన చేసి 1996లో ప్రారంభించారు. మధ్యలో పాలమూరు కూలీకి బద్ధకం వచ్చిందా?

ఎస్‌ఎల్‌బీసీ, అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం చూడండి. శ్రీశైలం నీళ్లు నల్గొండకు రావడానికి నలభై నాలుగు కిలోమీటర్ల దాకా తవ్వాలి. పైనంతా అమ్రాబాద్ పులుల అడవి. మధ్యలో ఎక్కడా దారులు తవ్వి దిగడానికి లేదు, రెండు కొసల నుంచే పోవాలి. ఒప్పందం 2005లో అయింది. లోపలికి పోయినకొద్దీ ఊటనీరు, మెత్తబడ్డ రాయి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వాళ్లకు పట్టుదల తక్కువైందని ఆ కుటుంబాల ముందు నిలబడి చెప్పగలరా ఎవరైనా?

ఇక అయిదో మెట్టు. నాకు ఒళ్లు మండేది దీనితోనే. ఒకాయన బంగారం కోసం తవ్వి తవ్వి, విసిగిపోయి, గనిని పాత ఇనుము కొనేవాడికి అమ్మేశాడట. కొన్నవాడు ఇంకో మూడడుగులు తవ్వితే బంగారమే బంగారం. కింద ఎర్ర అక్షరాల్లో: "నువ్వు ఆగిన చోటుకు మూడడుగుల దూరంలోనే విజయం!"

ఈ కథ మా దగ్గర బోరు బండి మీద కూర్చున్న మనిషి ఎప్పటి నుంచో చెబుతున్నాడు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బండి, వచ్చీరాని తెలుగు. దుమ్ము లేస్తూనే ఉంటుంది, చుక్క నీరుండదు. "అన్నా, రాయి రంగు మారింది, ఇంకో యాభై ఫీట్లు పోదాం." లెక్క ఫీటుకింత. నీళ్లు పడినా, పడకపోయినా ఆయన లెక్క ఆయనదే. మాది గ్రానైట్ రాయి నేల. పైన మెత్తబడ్డ పొరలో, దాని కింద పగుళ్లలో ఏమైనా నీళ్లుంటే ఉండాలి. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి, దొరికిన కొద్ది నీళ్లలోనూ తరచూ ఫ్లోరైడ్ ఎక్కువ. కొబ్బరికాయ అరచేతిలో నిలబడ్డదనో, వేపపుల్ల తిరిగిందనో రాతిలో పగులు పుట్టదు.

పైగా మాది బత్తాయి. నాటిన నాలుగైదేళ్లకు గానీ కాపు రాదు. ఒక్క ఎండాకాలం తడి అందకపోతే అన్నేళ్ల చాకిరీ కళ్ల ముందే వడలిపోతుంది. అట్లాంటి చెట్టు కింద నిలబడ్డ రైతుకు ఆగమని చెప్పడమే కష్టం. ఆయన ఫోన్‌లోకి ఈ మెసేజ్ పంపి "మూడడుగులే" అంటారా? నల్గొండ పక్కనున్న ముషంపల్లిలో మనుషులకన్నా బోర్లు ఎక్కువని పేపర్లలో రాశారు. వాళ్లెవరూ ఆగినవాళ్లు కాదు. మీ ఏడు మెట్లలో అయిదోది ఎక్కి ఎక్కి, పుస్తెలతాడు కుదువ పెట్టిందాకా ఎక్కినవాళ్లు. పాత ఇనుము కొన్నవాడి కథ అందరికీ తెలుసు. ఇంకో మూడు వందల అడుగులు పోయి దుమ్ము తిన్నవాడి కథ ఎవరు ఫార్వర్డ్ చేస్తారు?

ఒక మాట మాత్రం దాచను. మా నాయిన మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోది వేస్తానంటే ఊరంతా వద్దంది. మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. 210 ఫీట్లకు ఇంచున్నర నీళ్లు పడ్డాయి. నా డిప్లొమా ఫీజు ఆ నీళ్లే కట్టాయి. ఇవాళ ఇక్కడ కూర్చుని బోరు వేయొద్దని ఇంత తెలివిగా రాస్తున్నానంటే, ఆ రోజు మా నాయిన ఎవరి మాటా వినకపోవడం వల్లనే. దీనికి నా దగ్గర జవాబు లేదు. అదే ఎండాకాలం మా గెట్టు పక్కాయన అదే బండితో, అదే మొండితనంతో అయిదు వేశాడు. అయిదూ దుమ్మే. మా ఇంచున్నర కూడా ఏడేళ్లకు అడుగంటింది. అప్పుడు మాత్రం మా నాయిన బండిని పిలవలేదు. మూడెకరాల బత్తాయి కొట్టించి కంది పెట్టాడు. ఆ రోజు ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. అప్పు పెరగడం ఆగింది మాత్రం అక్కడే.

ఆరోది: "వెనక్కి పోయే ఓడల్ని కాల్చెయ్యి, ప్లాన్ బి ఉన్నవాడు ఓడినట్టే." ఇది స్పెయిన్ సేనాని కోర్టెజ్ మీద చెప్పే కథ. ఆయన 1519లో ఓడల్ని కాల్చలేదు, పనికిరాకుండా చేసి ముంచాడు, అవీ అన్నీ కాదు. పోయిందేమో ఇంకొకరి దేశాన్ని దోచుకోవడానికి. కంది పెట్టుకోవడం ప్లాన్ బి అయితే మా ఇల్లంతా ప్లాన్ బి మీదే నిలబడింది.

ఏడోది, దీన్ని పదిమందికి పంపితే పదకొండు రోజుల్లో శుభవార్త వింటారట. మా మేనమామ ఇప్పటికి రెండు వందల మందికి పంపి ఉంటాడు. ఆయన పాస్‌బుక్కులో పేరు తప్పు ఇంకా అట్లాగే ఉంది.

బామ్మర్దీ, ఆ ట్యాంకు సంగతి కూడా చెప్తా. పోయిన గురువారం లైను పడ్డది. మేం ఎనిమిది నెలలు కాగితాలు పట్టుకుని తిరిగాం. ఆ చెలక అన్నదమ్ములు మా మేస్త్రీ భార్యకు చిన్నాయన కొడుకులని ఇన్నాళ్లూ మాకెవరికీ తెలియదు, మేమూ అడగలేదు. ఆమె ఒక పొద్దున పోయి చాయ్ తాగి, ఇద్దరితో సరేననిపించుకుని వచ్చింది. ఆమె ఏడింట్లో ఎన్నో మెట్టో చూసి నాకు చెప్పు.