పిల్లల వయసు తేలాలంటే పెద్దలంతా పత్రాలు చూపాల్సిందేనా?

పద్దెనిమిదేళ్లు నిండనివారెవరో తెలుసుకోవాలంటే నిండినవారందరినీ అడగక తప్పదు. ఫోన్లలో వయసు నిర్ధారణను తప్పనిసరి చేయాలనేవారు ఈ సంగతిని ఎందుకో ప్రస్తావించరు.

బ్రిటన్‌లో ఆన్‌లైన్ భద్రతా చట్టం కింద 2025 జూలై 25 నుంచి వయసు తనిఖీలు మొదలవగానే ఏ దేశం నుంచి చూస్తున్నారో దాచిపెట్టే వీపీఎన్ యాప్‌ల డౌన్‌లోడ్లు ఒక్కసారిగా పెరిగాయి. కొందరు వీడియో గేమ్‌లోని పాత్ర ముఖాన్ని కెమెరాకు చూపి, కబుర్ల యాప్ డిస్కార్డ్ తనిఖీని దాటేశారు. అదే ఏడాది అక్టోబరులో, తన తరఫున వినియోగదారుల సేవలు చూసే బయటి సంస్థ నుంచి సుమారు 70,000 మంది గుర్తింపు పత్రాల ఫోటోలు బయటికి పోయి ఉండవచ్చని డిస్కార్డే ప్రకటించింది. అవి వయసుకు సంబంధించిన అప్పీళ్ల కోసం తీసుకున్నవి. అంటే నష్టపోయింది, అడిగిన వెంటనే బుద్ధిగా కార్డు పంపినవాళ్లు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం అయితే యాప్ స్టోర్‌లో ఖాతా తెరిచే ప్రతి ఒక్కరి వయసునూ తేల్చాలంది. 2026 జనవరి 1న అమలు కావలసిన ఆ చట్టాన్ని, పుస్తకాల దుకాణం గుమ్మంలో ప్రతి కొనుగోలుదారు వయసునూ అడగడంతో పోల్చి, ఫెడరల్ న్యాయమూర్తి 2025 డిసెంబరులో తాత్కాలికంగా నిలిపివేశారు.

ఇక మన దగ్గర, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వారి డేటాను వాడాలంటే తల్లి లేదా తండ్రి ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలంటోంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ఈ నిబంధనకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. సమ్మతి ఇచ్చేవారు పెద్దవారేనని తేల్చే దారుల్లో, పత్రాలను ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ సేవ డిజిలాకర్ ఒకటి. నగరంలోని ఉద్యోగికి అది పెద్ద పనేమీ కాదు. ఊళ్లో చాలామంది ఫోన్లలో జీమెయిల్ ఖాతాను తెరిచింది సెల్ షాపు కుర్రాడు, అదీ తోచిన పుట్టిన తేదీ వేసి. ఆధార్‌లో జనవరి 1న పుట్టిన పెద్దలు మనకు కొదవా? ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఎప్పుడో మారిపోయి, ఓటీపీ ఎవరికి వెళుతుందో తెలియనివారూ ఉన్నారు. పగలు తండ్రి జేబులో, రాత్రి పదో తరగతి కూతురి చేతిలో ఉండే ఫోన్‌ను ఎవరి వయసుతో లెక్కిస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ సేవలే వాట్సాప్‌లో నడుస్తున్నాయి. వయసు తేలలేదని రేపు ఖాతాలు ఆపేయడం మొదలైతే, ఆగిపోయేది సినిమా పాటలు మాత్రమే కాదు.

వయసు అడగక తప్పదంటే, 'పద్దెనిమిది దాటింది, దాటలేదు' అన్న జవాబు తప్ప మరేదీ ఫోన్ దాటి పోకూడదు, పత్రం నకలు ఏ సంస్థ దగ్గరా మిగలకూడదు. యంత్రం పొరపాటున ఆపేసినవారి మాట వినడానికి గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో ఒక మనిషి ఉండాలి. గడువు ముగిసేలోగా ప్రభుత్వం ఈ ఏర్పాట్లను రాతపూర్వకంగా ప్రకటించాలి.