తాళం వేసిన బీరువాలో నీతికథలు

గ్రంథాలయ వారోత్సవాలు వచ్చేశాయి. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు బడుల్లో పుస్తకాల బీరువాలు తెరుచుకుంటాయి. పిల్లలు వరుసగా కూర్చుని తలో పుస్తకం పట్టుకుంటారు, అయ్యవారు ఒక కథ చెబుతారు, ఫొటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. 21వ తేదీన పుస్తకాలు లెక్కపెట్టి లోపల పెట్టి తాళం వేస్తారు. మళ్లీ ఏడాదికి గానీ వాటికి గాలి తగలదు. అన్ని బడులనూ ఈ గాటన కట్టడం అన్యాయమే. సొంత డబ్బుతో కథల పుస్తకాలు కొని, తరగతి గదిలో దండెం కట్టి వాటిని వేలాడదీసిన ఉపాధ్యాయులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అయితే అది వారి మంచితనం. అందులో విద్యాశాఖ గొప్ప ఏమీ లేదు.

బీరువాకు తాళం ఎందుకు? పుస్తకం స్టాకు రిజిస్టరుకెక్కిన సర్కారు సొత్తు కాబట్టి. పోతే ప్రధానోపాధ్యాయుడు జవాబు చెప్పాలి, చిరిగితే సంజాయిషీ రాయాలి. కాబట్టి పుస్తకాలకు భద్రమైన చోటు పిల్లలకు అందని చోటే అని తేలిపోయింది. పుస్తకం ఇస్తే ఎత్తుకుపోతాడని బిడ్డను అనుమానించే బడి, అదే బిడ్డను కూర్చోబెట్టి నిజాయితీ గురించి కట్టెలు కొట్టేవాడి గొడ్డలి కథ చెబుతోంది! ఆ కథలో దేవత అతని నిజాయితీని ఎలా పరీక్షించింది? బంగారు గొడ్డలి తెచ్చి కళ్ల ముందు పెట్టింది. నీళ్ల అడుగున దాచి పైన తాళం వేయలేదు.

పిల్లలకు చదవడం రావడం లేదన్నది పాతపాటే. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. మూడో తరగతి దాటేలోగా ప్రతి బిడ్డకూ చదవడం రావాలంటూ కేంద్రం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకానికి పెట్టుకున్న గడువు 2026-27. కథలతో చదువు నేర్పండని విధాన పత్రాలన్నీ చెబుతున్నాయి. ఏ కథలతో? బీరువాలో ఉన్నవాటితోనా?

కథ చదువు ఎలా నేర్పుతుందో తెలియాలంటే విదేశీ నిపుణులు రానక్కర్లేదు. ఏడు చేపల కథ చాలు. ‘చేపా చేపా ఎందుకు ఎండలేదు’ అన్న ప్రశ్న గడ్డిమోపు మీదికి, ఆవు మీదికి, గొల్లవాడి మీదికి పోతుంటే, నాలుగో మలుపుకల్లా పిల్లవాడు తర్వాతి వాక్యాన్ని తనే అందుకుంటాడు. అదే వాక్యం అచ్చులో కనిపించినప్పుడు తెలిసిన మాటను గుర్తుపట్టి చదువుతాడు. గుణింతాలు నెలల తరబడి వల్లె వేయించినా రాని ధైర్యం అక్కడ వస్తుంది.

ఇప్పుడు ఆ పిల్లవాడికే ఘనా దేశపు అకాన్ ప్రజల అనాన్సి కథ చెప్పి చూడండి. అనాన్సి ఒక జిత్తులమారి సాలీడు. లోకంలోని తెలివినంతా ఒక కుండలో పోసి, ఎవరికీ దక్కకుండా చెట్టు చిటారున దాచాలనుకుంటాడు. కుండను పొట్టకు కట్టుకుని ఎక్కుతుంటే కాళ్లు ఆనక జారిపోతుంటాడు. కింద నిలబడ్డ కొడుకు ‘వీపుకు కట్టుకోవచ్చుగా నాన్నా’ అంటాడు. తెలివంతా నా కుండలోనే ఉంటే వీడికెక్కడిదని అనాన్సికి ఒళ్లు మండుతుంది. కుండ కింద పడుతుంది, తెలివి ఊరంతా చెదిరి తలా కాస్త దక్కుతుంది. బానిసలుగా అమ్ముడైన ఆఫ్రికన్లు సముద్రం దాటుతూ వెంట తీసుకువెళ్లగలిగిన కొద్దిపాటి ఆస్తిలో ఈ సాలీడు ఒకడు. జమైకాలో ఇప్పటికీ అతని కథలు చెప్పుకుంటారు. పుస్తకాల బీరువా తాళంచెవులు జేబులో వేసుకుని తిరిగే శాఖకు ఇంతకన్నా దగ్గరి చుట్టం ఇంకెవరు?

ఈ కథకు నీతి ఏమిటని అడిగితే గైడులో దొరకదు. అనాన్సి మోసగాడా, తెలివైనవాడా? మన తెనాలి రామలింగడి మాటేమిటి? పిల్లలు వాదించుకుంటారు. ఒకరి మాట ఒకరు వినక తప్పదు. మంచి నడవడిక నేర్పే చదువంటే ఆ వాదనే. మన బడిలో జరిగేది వేరు. ‘ఈ కథలోని నీతి ఏమిటి?’ అని పరీక్షలో అడుగుతారు. ‘మోసం చేయరాదు’ అని పిల్లలు గైడులో చూసి కాపీ కొడతారు. రెండు మార్కులు వేస్తారు.

పరాయి దేశాల కథలతో మన సంస్కృతి మరుగున పడుతుందని కొందరి బెంగ. ఆ గొడ్డలి కథ గ్రీకులదని వారికి ఎవరైనా చెబితే బాగుండు. మన పంచతంత్రం ఆరో శతాబ్దంలో నాటి పర్షియా భాష పహ్లవీలోకి, ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్లి అక్కడి నుంచి ఐరోపాకు చేరిందని గొప్పగా చెప్పుకుంటాం. మన కథ గడప దాటితే గర్వం, పొరుగు కథ గడప తొక్కితే అనుమానం!

అయినా పరాయి కథల దాకా ఎందుకు? ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు విగ్రహానికి దండ వేస్తాం. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు సొంత ఖర్చుతో చదువు చెప్పించిన మనిషి. ఇన్నేళ్ల తర్వాత కూడా శ్రీకాకుళం పట్టణంలోని పిల్లవాడికి ఒక్క సవర కథ తెలియదు. హైదరాబాద్ పిల్లలకు ఆదిలాబాద్ గోండుల కథా తెలియదు. వాటిని తరతరాలుగా కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ పాడిన పర్ధాన్ల పేరూ తెలియదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. ఆ ఉత్సాహం నిలవలేదు. మన కొండల మీది కథలనే గడప తొక్కనివ్వని వాళ్లం సంస్కృతి గురించి బెంగపడుతున్నాం.

ఏకోపాధ్యాయ బడుల్లో కథలకు తీరిక ఎక్కడిదని ఉపాధ్యాయ సంఘాలు అంటున్నాయి. నిజమే, ఖాళీలు భర్తీ చేయాల్సిందే. కానీ తాళం తీయడానికి డీఎస్సీ నోటిఫికేషన్ అక్కర్లేదు. డబ్బు లేదనడం అంతకన్నా చెల్లదు. సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటు ఉంది. ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు జనం కడుతూనే ఉన్నారు.

కావలసింది ఒక్క ఉత్తర్వు. పిల్లల చేతుల్లో చిరిగిన పుస్తకాన్ని, ఇంటికి వెళ్లి తిరిగిరాని పుస్తకాన్ని అరిగిపోయిన సుద్దముక్కలా లెక్కలోంచి కొట్టేయాలి. దానికి ఉపాధ్యాయుడిని సంజాయిషీ అడగకూడదు. తనిఖీకి వెళ్లిన అధికారి పుస్తకాలు నలగకుండా ఉంటే మెచ్చుకోవడం మాని, ఎందుకు నలగలేదని నిలదీయాలి. నిజాయితీ, నమ్మకం, పంచుకోవడం గురించి ఈ వారమంతా మైకు పట్టుకుని పిల్లలకు బోధించే పెద్దలు 21వ తేదీన అదే బడికి, ఈసారి ఫొటోగ్రాఫర్ లేకుండా వెళ్లి, ఆ బీరువా తలుపు ఒక్కసారి లాగి చూడాలి.