నాలుగో బోర్డు నామోషీ

చదరంగం ఒంటరి ఆట అనుకునేవాళ్లు ఒక్కసారి టీమ్ మ్యాచ్ చూడాలి. ఒకడు ఓడితే ముగ్గురు మొహాలు మాడ్చుకుంటారు. ఒకడు గెలిస్తే ఆ ముగ్గురూ "ఆ ఎత్తు నేను నేర్పిందే" అంటారు.

విజయవాడలో మా క్లబ్బంటే సత్యనారాయణపురంలో ఒక మేడ మీది గది, రెండు ఫ్యాన్లు, వాటిలో తిరిగేది ఒకటి. నాకౌట్ కప్పులో క్వార్టర్ ఫైనల్ గుంటూరు వాళ్లతో, అదీ వాళ్ల ఊళ్లోనే అని తెలియగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఆట గురించి కాదు, నేను ఆడని కెప్టెన్ని. ఎవరు ఏ బోర్డులో ఆడాలో, గట్టివాళ్లు ముందు వచ్చేలా, వరస రాసివ్వడం నా పని. పెళ్లిలో గ్రూపు ఫొటోకి ముందు వరసలో ఎవరు నిలబడాలో తేల్చడం అంతకంటే తేలిక.

ఒకటో బోర్డు ఇంజినీరింగ్ కుర్రాడిది, పేచీ లేదు. రెండోది వన్‌టౌన్‌లో బట్టల కొట్టున్న బాబాయిది. క్లబ్బు అద్దె ఆయనే కడతారు కాబట్టి అక్కడా పేచీ లేదు. మిగిలింది రిటైరైన లెక్కల మాస్టారు, ఎనిమిదో తరగతి చదివే బుడ్డోడు. ఈ మధ్య బుడ్డోడు మాస్టారిని వరసపెట్టి ఓడిస్తున్నాడు.

"అయితే మాత్రం? నేను ఎక్కాలు నేర్పిన పిల్లాడి కింద కూర్చోనా? నాలుగో బోర్డంటే నామోషీ కాదటోయ్?" అన్నారు మాస్టారు. మూడో బోర్డుకి ఆయన పేరే రాశాను.

బస్సులో బాబాయి ధైర్యం చెప్పారు. "గుంటూరు వాళ్లకి హరికృష్ణ ఉన్నాడు, హారిక ఉంది. ఇద్దరూ గ్రాండ్‌మాస్టర్లే, నిజమే. మనకి కోనేరు హంపి లేదూ? పుట్టింది గుడివాడైతేనేం, మనమ్మాయే. పదిహేనేళ్లకే, 2002లోనే గ్రాండ్‌మాస్టర్ అయింది. ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి కొట్టింది. రెండుసార్లంటే ఇద్దరి కింద లెక్క. సరికి సరి!" ఆ ముగ్గురిలో ఎవరూ ఆ రోజు ఆడటం లేదన్న సంగతి ఎవరం గుర్తు చేయలేదు.

ఆట మొదలైంది. బాబాయి తొందరలోనే కోట కట్టబోయారు, అంటే ఒకే ఎత్తులో రాజునీ ఏనుగునీ జరిపి రాజుని ఓ పక్కన దాచబోయారు. కొట్లో ఖాళీ దొరికినప్పుడల్లా ఆడే అలవాటు కదా, ముందు ఏనుగుని జరిపి తర్వాత రాజుని పట్టుకున్నారు. అవతలాయన చెయ్యెత్తి ఆర్బిటర్ని, అంటే ఆట అంపైర్ని, పిలిచాడు. కోట కట్టాలంటే ముందు రాజునే ముట్టుకోవాలి. ఏనుగుని ముట్టుకుంటే ఏనుగే కదలాలి, అటువైపు ఇక కోట లేదు. "నలభై ఏళ్లుగా ఇలాగే కడుతున్నానయ్యా" అన్నారు బాబాయి. ఆర్బిటర్ కరగలేదు. నడిబజార్లో నిలబడ్డ రాజు పాతిక ఎత్తులు కూడా బతకలేదు.

ఒకటో బోర్డు మనకే. కుర్రాడు మాట్లాడకుండా గెలిచి, మాట్లాడకుండా మిరపకాయ బజ్జీలకి వెళ్లిపోయాడు. నాలుగో బోర్డులో బుడ్డోడు ఎదుటివాడి మంత్రిని తినేశాడు. మూడో బోర్డులో మాస్టారికి ఒక గుర్రం ఎక్కువుంది. ఇంకేం, సెమీఫైనల్ అనుకుంటున్నాను.

సరిగ్గా ఒంటిగంటకి మాస్టారి సంచిలోంచి కోడి కూసింది.

ఫోన్లు స్విచాఫ్ చేసి సంచిలో పెట్టుకోవచ్చు, మోగితే మాత్రం ఆట పోయినట్టే అని పొద్దున్నే చెప్పారు. మాస్టారు అందరి ఎదుటా స్విచాఫ్ చేశారు కూడా. కానీ ఆయనది పాతకాలం బటన్ల ఫోను. అలాంటివి కొన్ని స్విచాఫ్ చేసినా అలారం టైముకి వాటంతటవే లేచి మోగుతాయి. తెర మీద "బీపీ మాత్ర" అని వెలుగుతోంది.

"ఆపేసిన ఫోను మోగితే తప్పు నాదెలా అవుతుందండీ?"

"మోగిందా లేదా మాస్టారూ?"

"మోగింది. అయితే అది ఫోను కాదు, అలారం."

ఆర్బిటర్ పాతికేళ్ల కుర్రాడు. ఆపేసిన ఫోను మోగడం పుట్టి బుద్ధెరిగి చూసుండడు. ఇంకో ఇద్దరిని పిలిచాడు. వాళ్లు ఫోన్ని తిప్పి తిప్పి చూసి, జాలిపడి, పాయింటు గుంటూరుకే ఇచ్చారు. అంతా సద్దుమణిగిందనుకునేసరికి ఆర్బిటర్ టేబుల్ మీదే ఆ కోడి మళ్లీ కూసింది. స్నూజ్ ఆపడం మర్చిపోయారు. ఈసారి ఆట ఎవరికి పోయినట్టో ఎవరూ చెప్పలేదు.

బుడ్డోడు గెలిచాడు. రెండు, రెండు. నాకౌట్లో ఎవరో ఒకరు ఇంటికి వెళ్లాల్సిందే కాబట్టి బోర్డు కౌంట్ తీశారు. గెలిచిన బోర్డుల నంబర్లు కూడితే ఎవరికి తక్కువొస్తే వాళ్లది మ్యాచ్. మనం గెలిచినవి ఒకటి, నాలుగు: ఐదు. వాళ్లవి రెండు, మూడు: అదీ ఐదే! అక్కడా సమానమైతే చివరి బోర్డు ఫలితం తీసేసి చూస్తారట. తీసేశారు. మనకి ఒక గెలుపు, వాళ్లకి రెండు. మ్యాచ్ వాళ్లదే.

"అంటే నేను గెలిచింది లెక్కలోకి రాదా?" అన్నాడు బుడ్డోడు. గొంతు జీరబోయింది. గుంటూరు కెప్టెన్ వాడికి సోడా ఇప్పించాడు. మంచి మనిషే గానీ, ఆ సమయంలో ఆ సోడా నాకు నచ్చలేదు.

తిరుగు బస్సు మంగళగిరి దాటేదాకా ఎవరూ నోరు విప్పలేదు. బుడ్డోడు మాత్రం టికెట్టు వెనక ఏదో గీకుతున్నాడు. ఉన్నట్టుండి, "మాస్టారూ, మీరు నాలుగులో, నేను మూడులో కూర్చునుంటే మనకి ఒకటీ మూడూ నాలుగు, వాళ్లకి రెండూ నాలుగూ ఆరు. మీ కోడి కూసినా మనమే గెలిచేవాళ్లం" అన్నాడు.

బాబాయి కిటికీలోంచి బయటికి చూడసాగారు. నేను చెప్పు పట్టీ సరిచేసుకున్నాను.

మాస్టారు టికెట్టు అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూశారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, రైటు కొట్టి, పదికి తొమ్మిది వేసి ఇచ్చేశారు.

"ఒక మార్కెందుకు కోశారండీ?"

"స్టెప్పులు రాయలేదుగా."