సవరణ: ఆవిడ్ వచ్చాక కూడా నెగటివ్ కత్తిరించారు

కోడంబాకం ఎడిటింగ్ గదుల మీద రాసిన గత పోస్టులో “ఆవిడ్ రాగానే ఫిల్మ్ కత్తిరించే పని పోయింది” అన్న వాక్యం ఉంది (ఆవిడ్ అంటే కంప్యూటర్ మీద సినిమా ఎడిటింగ్ చేసే వ్యవస్థ). చెన్నైలోనే ఆ పని చేసి రిటైరైన మన తెలుగు పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, అది సగమే నిజమన్నారు. ఆయన మాటే సరైనది.

పోయింది వర్క్ ప్రింట్‌ను, అంటే ఎడిటింగ్ కోసం నెగటివ్ నుంచి తీసిన కాపీని, మూవియోలా, స్టీన్‌బెక్ అనే ఎడిటింగ్ యంత్రాల మీద కోసి అతికించే పని. కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మ్‌నే కత్తిరించే నెగటివ్ కటింగ్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగింది. 35 ఎం.ఎం. నెగటివ్ అంచున అడుగుకో నంబరు ఉంటుంది, అడుగుకు 16 ఫ్రేములు. 1990లో కొడక్ ఆ నంబర్లకు బార్‌కోడ్ జోడించింది. ఆవిడ్‌లో ఎడిటింగ్ పూర్తయ్యాక ఎక్కడెక్కడ కోయాలో ఆ నంబర్లతో జాబితా వస్తుంది. దాన్ని పక్కన పెట్టుకుని, తెల్ల గ్లౌజులు తొడుక్కుని, అసలు నెగటివ్‌ను కత్తిరించి ఫిల్మ్ సిమెంటు అనే జిగురుతో అతికించేవారు. అతుకు పడాలంటే పక్క ఫ్రేమును గీకాలి, అంటే ఆ ఫ్రేము ఇక దక్కదు. కంప్యూటర్లో ఒకే షాట్‌ను రెండుసార్లు వాడుకోవచ్చు. నెగటివ్ మాత్రం ఒక్కటే, రెండోసారికి డూప్ (నెగటివ్‌కు నకలు) తీయించాల్సిందే. ఎంత టెన్షన్ పనో ఊహించండి! టైటిల్స్‌లో వీళ్ల పేర్లు ఇంకా పెద్దగా పడాల్సిందని నా అభిప్రాయం.

నెగటివ్‌ను స్కాన్ చేసి రంగులు కంప్యూటర్లోనే సరిచేసే డిజిటల్ ఇంటర్మీడియట్ 2000 తర్వాత కుదురుకున్నాకే ఈ పని తగ్గింది. పాత పోస్టులో ఆ వాక్యాన్ని మార్చాను.