కంట్రోళ్లను రద్దు చేయాల్సిందే

టార్గెటెడ్ ప్రోటీన్ డిగ్రేడేషన్ (అక్కర్లేని ప్రోటీన్‌ను కణం చేతే కరిగించే) రంగానికి నిధుల కొరతే అడ్డు అని కొందరంటారు. మందు అణువులు మరీ లావుగా ఉండటమే అడ్డు అని మరికొందరంటారు. రెండూ పొరపాటే. అసలు అడ్డంకి కంట్రోల్ ప్రయోగాలు, అంటే ఫలితం నిజంగా మన మందు వల్లే వచ్చిందా అని సరిచూసే జత ప్రయోగాలు. మూడు వారాలు కష్టపడి పోస్ట్‌డాక్ బ్లాట్‌లో ఒక బ్యాండ్‌ను (ప్రోటీన్ ఉందని చూపే నల్లగీతను) మాయం చేస్తే, పక్కన ఒక్క కంట్రోల్ లేన్ (జెల్‌లో ఒక శాంపిల్ నడిచే వరస) లోడ్ చేసిన పాపానికి పేపరే మాయమవుతోంది. ఏడాదికోసారి రెన్యూ అయ్యే కాంట్రాక్టు మీద బతికేవాళ్లకు ఇంత విలాసం తగదు. కాబట్టి వీటిని దశలవారీగా కాకుండా ఒక్క దెబ్బతో రద్దు చేయాలని ఈ వ్యాసం గట్టిగా కోరుతోంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రోట్యాక్ అంటే రెండు తలల అణువు. ఒక తల మనం వదిలించుకోవాలనుకున్న ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, రెండోది ఈ3 లైగేజ్‌ను, అంటే ప్రోటీన్లకు చావు చీటీ అంటించే ఎంజైమ్‌ను, పట్టుకుంటుంది, మధ్యలో ఉండేది లింకర్. ఇద్దరూ దగ్గరకు చేరగానే లైగేజ్ పుణ్యమా అని టార్గెట్ ఒంటికి 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్ యుబిక్విటిన్ గొలుసుగా తగులుకుంటుంది. ఆ గొలుసును గుర్తుపట్టి ప్రోటియసోమ్ ప్రోటీన్‌ను నమిలేస్తుంది. తొలి ప్రోట్యాక్ 2001లో వచ్చింది, యుబిక్విటిన్ దారిని కనిపెట్టినవాళ్లకు నోబెల్ 2004లో వచ్చింది. మనిషి కణాల్లో ఈ3 లైగేజ్‌లు 600కు పైనే ఉన్నా, ల్యాబుల్లో పని జరిగేది చాలావరకు సెరెబ్లాన్, వీహెచ్ఎల్ అనే రెండిటితోనే.

సంగతి ఇంత తేటగా ఉంది. మందు వేశాం, 24 గంటలు ఆగాం, బ్యాండ్ పోయింది. ఇంకేం కావాలి? "పోయింది సరే, ఎందుకు పోయింది?" అని గ్రూప్ మీటింగ్‌లో వెనక వరసలోంచి అడిగేవాళ్లే ఈ రంగానికి పట్టిన చీడ.

వాళ్ల మొదటి పేచీ డోసు గురించి. 10 మైక్రోమోలార్ ఒక్కటే వేస్తే చాలదట, 1 నానోమోలార్ నుంచి మొదలుపెట్టి పది రెట్ల చొప్పున పైకి రావాలట. ఎందుకంటే డోసు మరీ పెరిగితే కొన్ని అణువులు టార్గెట్‌ను మాత్రమే పట్టుకుని కూర్చుంటాయి, కొన్ని లైగేజ్‌ను మాత్రమే పట్టుకుని కూర్చుంటాయి, ముగ్గురూ కలిసే ముచ్చట మాత్రం జరగదు. దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. 100 నానోమోలార్ దగ్గర మాయమైన బ్యాండ్ 10 మైక్రోమోలార్ దగ్గర తిరిగొచ్చి నవ్వుతుంది. మామూలు మందుకు డోసు పెరిగితే పని పెరుగుతుందని చదువుకున్నవాళ్లం, ఈ గంట ఆకారపు కర్వ్ చూసి ఎంతమంది మంచి అణువులను చెత్తబుట్టలో వేశామో లెక్కలేదు. పరిష్కారం సులువు: పేపర్‌లో కర్వ్ పెట్టకుండా, బాగా కనిపించిన ఒక్క డోసు పెడితే సరి.

రెండో పేచీ ప్రమాదకరమైనది, కాస్త ఓపిగ్గా వినాలి. సెరెబ్లాన్‌ను పట్టుకునే తల థాలిడోమైడ్ వంశానిది. థాలిడోమైడ్ పట్టుకునేది సెరెబ్లాన్‌నే అని 2010లో తేలింది. ఆ వంశపు అణువులు సెరెబ్లాన్ ముఖాన్ని కాస్త మార్చి, మనం పిలవని ప్రోటీన్లను కూడా లోపలికి లాక్కొస్తాయి. ఐకేజెడ్ఎఫ్1, ఐకేజెడ్ఎఫ్3 వచ్చాయంటే సర్దుకుపోవచ్చు. జీఎస్‌పీటీ1 వచ్చిందా, కొంప మునిగినట్టే. రైబోసోమ్ దగ్గర ప్రోటీన్ అల్లిక ముగిసిందని చెప్పే యంత్రాంగంలో అదొక భాగం. అది పోతే కణంలో కొత్త ప్రోటీన్ల తయారీయే కుంటుపడుతుంది. అప్పుడు మిక్, ఎంసీఎల్1 లాంటి అల్పాయుష్కులు, అంటే అరగంట అటూ ఇటూ హాఫ్‌లైఫ్ ఉన్నవి, ఎవరూ ముట్టుకోకుండానే ఖాళీ అయిపోతాయి. మీ టార్గెట్ ఆ జాబితాలో ఉందనుకోండి, బ్యాండ్ శుభ్రంగా పోతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది, ఘనత కాకి ఖాతాలో పడింది.

అసలు తమాషా ఇక్కడుంది. సెరెబ్లాన్ జన్యువు తీసేసిన నాకౌట్ కణాల్లో చేసి చూడండి, బ్యాండ్ పోదు. సెరెబ్లాన్ చేరిన కల్లిన్ లైగేజ్‌ల కుటుంబాన్ని ఆపే ఎంఎల్ఎన్4924 ముందుగా 1 మైక్రోమోలార్ వేసి చూడండి, అప్పుడూ పోదు. ఎందుకంటే జీఎస్‌పీటీ1 ధ్వంసం కూడా అదే లైగేజ్ చేతుల మీదుగానే జరుగుతోంది. అన్ని కంట్రోళ్లూ పాసయ్యాయి, ఫలితం మాత్రం తప్పు! ఫెయిలైతే ప్రచురించకూడదు, పాసైతే నమ్మకూడదు అనే ఈ వ్యవస్థను ఇంకా ఎన్నాళ్లు మోయాలి? దీన్ని పట్టుకోవాలంటే అదే శాంపిల్‌లో జీఎస్‌పీటీ1 యాంటీబాడీతో చూడాలి, కొత్త ప్రోటీన్ల తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ లేన్ ఒకటి పక్కన నడపాలి, 24 గంటలు కాకుండా 2 నుంచి 4 గంటల దగ్గరే కణాలను కోయాలి, వీలైతే మొత్తం ప్రోటియోమ్‌ను, అంటే కణంలోని ప్రోటీన్లన్నిటినీ, మాస్ స్పెక్‌లో పెట్టాలి. ఇవన్నీ చేసేకంటే ఆ యాంటీబాడీ కొనకపోవడం చవక. కొనని యాంటీబాడీ ఎవరి బ్యాండునూ పోగొట్టదు.

ప్రోటియసోమ్‌ను ఆపి చూపించమని రివ్యూయర్లు అడుగుతారు. పాపం అడిగేవాళ్లకీ తెలుసు, ప్రోటియసోమ్‌ను ఆపే ఎంజీ132 10 మైక్రోమోలార్ వేస్తే మామూలుగానే ప్రోటియసోమ్‌లో కరిగిపోయే అల్పాయుష్కు ప్రోటీన్ ఏదైనా పైకి లేస్తుందని. ప్రోట్యాక్ లేకుండా ఎంజీ132 ఒక్కటే వేసిన లేన్ పక్కన పెట్టకపోతే ఏది రెస్క్యూ (ప్రోట్యాక్ నుంచి కాపాడటం), ఏది ఉత్తినే పోగుపడటం అనేది తేలదు. అలాగని రాత్రంతా ఉంచితే కణాలే పోతాయి, అందుకే 4 నుంచి 6 గంటలకు మించకూడదు. ఇంత నియమనిష్ఠలు పాటించే బదులు ఆ ఒంటరి లేన్‌ను ఫొటోలోంచి కత్తిరించడం అందరికీ మర్యాద.

లైసిస్ (కణాలను పగలగొట్టి ప్రోటీన్ తీయడం) సంగతికొస్తే, ఇది మన పక్షాన ఉన్న ఏకైక మిత్రుడు. రిపా బఫర్ పోసి, ఐసు మీద ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో 14,000 జీ దగ్గర తిప్పి, పైనున్న ద్రవం తీసుకుని పెల్లెట్ పారేస్తాం. టార్గెట్ ముద్దకట్టినా, క్రోమాటిన్‌కు గట్టిగా అతుక్కుపోయినా, పారేసిన పెల్లెట్‌లోనే ఉంటుంది. సోనికేషన్ చేయకండి, న్యూక్లియేజ్ వేయకండి, పెల్లెట్‌ను ఎస్‌డీఎస్‌లో ఉడికించి చూడాలన్న దుర్బుద్ధి పుట్టించుకోకండి. ప్రోటియసోమ్ అవసరమే లేకుండా డిగ్రేడేషన్ సాధించిన ఘనత ఈ పద్ధతిది.

నెగటివ్ కంట్రోల్ అణువుల గురించి ఎక్కువ చెప్పను. సెరెబ్లాన్ తలలో గ్లుటారిమైడ్ నైట్రోజన్‌కు ఒక మిథైల్ తగిలిస్తే లైగేజ్ పట్టు పోతుంది. వీహెచ్ఎల్ తలలో హైడ్రాక్సీప్రోలిన్ దగ్గర ఒక్క కార్బన్ చేతివాటం (కుడిఎడమల అమరిక) మారిస్తే చాలు. ఆ అణువు వేసినా బ్యాండ్ తగ్గిందంటే తగ్గించింది లైగేజ్ కాదు, మీ వార్‌హెడ్ (టార్గెట్‌ను పట్టుకునే తల) ఆ టార్గెట్ జన్యువునే మూసేసి ఉండొచ్చు, క్యూపీసీఆర్‌లో ఎంఆర్‌ఎన్‌ఏ చూసుకోవాలి. కెమిస్ట్‌ను ఆ అణువు చేసిపెట్టమని అడగకపోతే ఈ దుఃఖం ఉండదు. అడిగినా ఆయన ఎలాగూ చేయడు.

బ్లాట్ పాతబడింది, హైబిట్ వాడదాం అనే కుర్రకారుకు ఒక మాట. 11 అమైనో ఆమ్లాల ఆ తోకను క్రిస్పర్‌తో టార్గెట్‌కు తగిలిస్తే 96 వెల్ ప్లేట్‌లో వెలుగు కొలుచుకోవచ్చు, నిజమే. కణాలు చచ్చినా వెలుగు తగ్గుతుంది, కాబట్టి సజీవత పరీక్ష జతగా నడపాలి. పైగా ఆ తోకలోనే యుబిక్విటిన్ తగులుకునే లైసిన్‌లు రెండు ఉన్నాయి. అసలు ప్రోటీన్‌లో యుబిక్విటిన్‌కు చోటు దొరక్కపోయినా తోకలో దొరకవచ్చు. మన ఉద్యమం దృష్టిలో ఇది లోపం కాదు, సౌకర్యం.

చుంచెలుక విషయంలో మాత్రం ప్రకృతే మన పక్షం. మనిషి సెరెబ్లాన్‌లో 388వ స్థానంలో వాలీన్ ఉంటే, చుంచెలుకలో దానికి సమానమైన 391వ స్థానంలో ఐసోల్యూసిన్ ఉంది. ఆ ఒక్క తేడాతో జీఎస్‌పీటీ1 లాంటివి దానిలో కూలవు. మనిషి కణాలను కుప్పకూల్చే అణువు ఎలుకకు వేస్తే అది హాయిగా బరువు పెరుగుతుంది. "భద్రత నిరూపితం" అని రాసుకోవచ్చు, సెరెబ్లాన్‌ను మానవీకరించిన ఎలుకలు దొరుకుతాయన్న విషయం ఎవరూ గుర్తుచేయనంతవరకు.

ఇంత చెప్పినా, అన్ని కంట్రోళ్లనూ తీసేస్తే సంపాదకులు నొచ్చుకుంటారు. అందుకని ఒక్కదానికి మినహాయింపు ఇద్దాం: అన్ని లేన్లలో సమానంగా లోడ్ చేశామని చూపే ప్రోటీన్, గాప్డీహెచ్. లేన్‌కు 40 మైక్రోగ్రాములు లోడ్ చేసి, నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇస్తే ప్రతి లేన్‌లోనూ సిరా పూసినట్టు ఒకే నలుపు వస్తుంది. సిగ్నల్ ఎప్పుడో సాచురేట్ అయిపోయింది గనక, ఒక లేన్‌లో సగం శాంపిలే ఉన్నా బ్యాండ్ మొహం మారదు. 5 మైక్రోగ్రాముల నుంచి రెట్టింపు చేస్తూ డైల్యూషన్ వేసి లీనియర్ రేంజ్ చూసుకోవాలని ఎవరైనా అంటే, జెల్‌లో పది వెల్సే ఉన్నాయని చెప్పండి.